వీణకును మైకునకును నడుమ

గడచిన నెల ఈ శీర్షికలో ఇస్త్రీపెట్టె తీగ మార్చుటను గూర్చి వ్రాసితిని. ఈ నెల చెప్పబోవునది దానికంటె సున్నితమైన పని. సోల్డరింగు ఐరను పట్టుట కొంత యలవాటున్నవారు స్వయముగా చేసికొనవచ్చును. లేనివారు ఇంట చదువుకొను పిల్లలచేత చేయింపవచ్చును. ఇంట వీణ యున్నవారు మాత్రము తప్పక చదువవలెనని కోరుచున్నాను.

వీణ అల్పధ్వని గల వాద్యము. అది దాని లోపము గాదు. చావడిలో చాపలు పఱచుకొని కూర్చున్న పదుగురికై పుట్టిన వాద్యమది. విజయనగరమున 1919లో సంగీత కళాశాల వెలసి ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులైన నాడు, ఆ గదులలో మైకులు లేవు, లౌడుస్పీకర్లును లేవు. నేడో, మా విశాఖపట్టణమున నిశ్శబ్దమన్నది దొరకుట గగనమైనది. 1933లో రేవు తెరచినది మొదలు ఈ యూరు చప్పుడు పెంచుకొనుచునే యున్నది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము మాకు అన్నము పెట్టినది. దానితోపాటు గాజువాక వైపున నుండు మా బోంట్లకు రాత్రింబగళ్లు లారీల మ్రోతయు పెట్టినది. ఇట్టిచోట వీణ నలుగురికి వినబడవలెనన్న మైకు తప్పదు.

మా వీథి చివర నొక వీణ పంతులమ్మగారు గలరు. భర్త పోయిన పిమ్మట పాఠములు చెప్పుకొని కుమార్తెను చదివించుకొనుచున్నారు. ఏటేట దసరాలలో ఒక ఆలయమున వీణ వాయింతురు. అచట లభించు సంభావన స్వల్పము. విని ముచ్చటపడి తమ పిల్లలను పాఠమునకు పంపు తల్లులే ఆమెకు ముఖ్యాధారము. నిరుడు ఆ ఆలయమువారు, "అమ్మా, వెనుక వరుసలవారికి వీణ వినబడుట లేదు. వచ్చే యేడు కీబోర్డు పెట్టుకొందుమనుకొనుచున్నాము" అనిరట. ఆమె ఆ మాటను నాతో నవ్వుచునే చెప్పినారు గాని, ఆ నవ్వు నాకు నిద్ర పట్టనీయలేదు. ఏటికి నాలుగైదుగురు క్రొత్త పిల్లలు రాకున్న ఆ యింటి అద్దె గడచుట యెట్లు?

ఎవరో చెప్పగా ఆమె వీణకు అంటించు పీజో బిళ్ల యొకటి కొనిరి. రూపాయి కంటె కొంచెము పెద్దదైన ఇత్తడి రేకుపై తెల్లని పూత యుండును. చేతి గడియారములలోను, బొమ్మలలోను కీచుమను బిళ్ల యిదియే. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో జాక్, పియర్ క్యూరీలను సోదరులు కనుగొనిరి. ఆ పియరే తరువాత మేరీ క్యూరీగారి భర్త. ఆ ధర్మమే ఈ బిళ్లలోను పనిచేయుచున్నది. వీణ పలక కంపించినపుడెల్ల బిళ్ల వంగి, ఆ వంపునకు తగిన విద్యుత్తు నిచ్చును.

అయితే ఆ బిళ్లను తిన్నగా ఆంప్లిఫయరునకు తగిలించిరి. వచ్చిన నాదము తగరపు డబ్బాపై గోటితో గీచినట్లుండెను. సారణి కొంత పలికినది. మంద్రతంత్రి యున్నదో లేదో తెలియలేదు. బిళ్ల మంచిది కాదని ఒకరు, వీణయే పాతబడినదని మఱియొకరు తేల్చిరి. పంతులమ్మగారి వీణ బొబ్బిలి వీణ. గొల్లపల్లి పనివారు ఒంటి పనసమానున మలచినది. దానిని పాతబడినదనుట విని నాకు కోపము వచ్చినది. పనసకఱ్ఱకు వయసు వచ్చుట నష్టమా!

దోషము బిళ్లది కాదు, వీణది కాదు. ఆ రెండింటికిని ఆంప్లిఫయరునకును పొత్తు కుదురలేదు. పీజో బిళ్ల వోల్టును మాత్రము చూపగలదు గాని, ప్రవాహము నీయలేదు. దాని ధారణశక్తి సుమారు 20 నానోఫారడులు. ఆంప్లిఫయరు లోనికి పోవు ద్వారమో సుమారు 10 వేల ఓములది. ఈ రెండింటిని లెక్కవేసినచో సెకనుకు 800 కంపములకు దిగువనున్న నాదమంతయు క్రమముగా క్షీణించుచు పోవునని తేలును. వీణ ఆధారషడ్జము సాధారణముగా 150కిని 200కిని నడుమ నుండును. మంద్రతంత్రి అందు సగము. 100 కంపముల నాదము ఎనిమిదవ వంతునకు తగ్గిపోవును. తగరపు డబ్బా చప్పుడున కిదియే హేతువు. ధ్వని పెంచినకొలది కీచుదనమే పెరుగును గాని మంద్రము తిరిగి రాదు.

కావున నడుమ నొక మధ్యవర్తి కావలెను. బిళ్లనుండి తాను దాదాపేమియు పుచ్చుకొనక, అది చెప్పినదానిని మార్పులేక ఆంప్లిఫయరునకు తన బలముతో చేర్చవలెను. దీనినే బఫరందురు. ఒక్క ట్రాన్సిస్టరుతో కట్టిన బఫరును ఎమిటరు ఫాలోవరందురు. సముద్రము దాటిన ఆంజనేయుడు రాముని మాటలను పెంపు చేయలేదు, తఱుగు చేయలేదు. దాటుటకు మాత్రము తన బలమే వినియోగించెను. ఇచట ఆ బలము 9 వోల్టుల చిన్న బాటరీది. ఈ పెట్టె ధ్వనిని పెంచునని యాశపడకుడు. ఇచ్చిన వోల్టు కంటె ఒక వెండ్రుకవాసి తక్కువగానే యిచ్చును. పెంచుట ఆంప్లిఫయరు పని.

ట్రాన్సిస్టరన్నది 1947 డిసెంబరులో అమెరికాయందలి బెల్ పరిశోధనాలయమున బార్డీను, బ్రాటైను అను వారి చేతులమీదుగా పుట్టినది. వారికిని షాక్లీగారికిని 1956లో నోబెలు బహుమానము లభించెను. మన దేశమున 1954లో బెంగుళూరున స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్సువారు కూడ తరువాత ట్రాన్సిస్టర్లను తయారుచేసిరి. మన పెద్దలు రేడియోనే "ట్రాన్సిస్టరు" అనుటకు అలవాటుపడిరి. ఆ పేరుగల అసలు వస్తువు మినపగింజంత.

ఇక కట్టుట. బీసీ 547 అను ట్రాన్సిస్టరొకటి. 470 కిలో ఓముల రెసిస్టర్లు రెండు. వీనిపై పసుపు, ఊదా, పసుపు చారలుండును. 10 కిలో ఓములది యొకటి. గోధుమ, నలుపు, నారింజ చారలు. 100 ఓములది యొకటి. గోధుమ, నలుపు, గోధుమ చారలు. ముగ్గులలో చుక్కల లెక్క తప్పని మనకు ఈ చారల లెక్క యొక పూటలో వచ్చును. కెపాసిటర్లు మూడు: 0.1 మైక్రోఫారడుది, 10 మైక్రోఫారడులది, 100 మైక్రోఫారడులది. బాటరీ, దాని టోపీ, తీగలు, మూతగల చిన్న రేకు డబ్బా. ఈ చిల్లర భాగములన్నియు కలిపినను రెండు కొబ్బరికాయల వెలకు మించవు.

ట్రాన్సిస్టరునకు మూడు కాళ్లు: కలెక్టరు, బేసు, ఎమిటరు. ఈ కలెక్టరునకును మన జిల్లాకలెక్టరునకును చుట్టఱికము లేదు. బాటరీ ధనధ్రువమును కలెక్టరునకు తగిలింపవలెను. 470 కిలో ఓముల రెండింటిని ఒకదాని వెంట నొకటిగా ధనధ్రువమునుండి ఋణధ్రువమునకు కట్టి, వాని నడిమి ముడిని బేసునకు చేర్చవలెను. ఎమిటరునుండి 10 కిలో ఓములది ఋణధ్రువమునకు పోవలెను. బిళ్ల నడిమి తెల్లపూతకు అతికిన తీగ 0.1 కెపాసిటరు ద్వారా బేసునకు, ఇత్తడి రేకు తీగ ఋణధ్రువమునకు. ఎమిటరువద్దనే 10 మైక్రోఫారడుల కెపాసిటరు ధనపుకాలిని కలిపి, ఋణపుకాలినుండి 100 ఓముల రెసిస్టరు ద్వారా నాదమును వెలికి తీసికొనవలెను. 100 మైక్రోఫారడులది బాటరీ రెండు ధ్రువములకు అడ్డముగా, కాళ్ల గుర్తు చూచి పెట్టవలెను. రేకు డబ్బాను ఋణధ్రువమునకు కలుపుట మఱవరాదు. కలుపనిచో ఇంటి కరెంటుయొక్క 50 కంపముల ఝుంకారము తంబురా శ్రుతివలె ఎడతెగక వినవచ్చును. ఆ శ్రుతి మన వీణ శ్రుతితో కలియదు.

ఈ విధముగా కట్టినపుడు బిళ్లకు ఎదురగు ద్వారము సుమారు 2 లక్షల ఓములగును. మంద్రము క్షీణించు హద్దు 800 నుండి 50 కంపముల దిగువకు జాఱును. ఫీల్డు ఎఫెక్టు ట్రాన్సిస్టరుతో దీనికంటె మేలైన బఫరు కట్టవచ్చును. నిజమే. గాని అవి ఒకదానికొకటి పోలవు. ఒక్కొక్కదానికి రెసిస్టరు మార్చి సరిచూడవలసి వచ్చును. మొదటిసారి చేయువారికి నేను చెప్పిన దిదియే సుఖము.

పంతులమ్మగారి కుమార్తె ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్నది. బొమ్మ గీచి యిచ్చితిని. రెండు సాయంకాలములలో కట్టి తెచ్చినది. అతుకులు ముత్యములవలె నున్నవి. తగిలించి చూడగా మంద్రము లేచినది గాని, మెల్లగా మీటినపుడు నాదము తీయగా నుండి, గట్టిగా మీటగనే చిరిగిన గుడ్డవలె విచ్చిపోవుచుండెను. వెనుక సన్నని బుసయు నుండెను. ఆ పిల్ల దానిని పట్టుకొని బజారునకు పోగా, ఒక దుకాణమున కెపాసిటర్లు మార్చిరట, ఇంకొక దుకాణమున బిళ్ల మార్చుమనిరట. దోషము కదలలేదు, పిల్ల చేతిలోని డబ్బు కదలిపోయినది.

తోచినదెల్ల మార్చుట వైద్యము గాదు. ముందు నాడి చూడవలెను. ఈ పెట్టెకు నాడి ఎమిటరువద్ద దొరకును. మీటరు నల్లకొనను ఋణధ్రువమునకు ఆనించి, ఎఱ్ఱకొనను ఎమిటరునకు తాకింపుడు. బాటరీ క్రొత్తదై 9 వోల్టులున్న యెడల ఎమిటరున సుమారు మూడున్నర వోల్టులు కనబడవలెను. సున్న యైనచో బాటరీ టోపీ యూడినదో, బేసునకు పోవు అతుకు విడినదో, ట్రాన్సిస్టరు చెడినదో చూడవలెను. ఇంచుమించు 9 వోల్టులున్నచో ట్రాన్సిస్టరు లోపల కలెక్టరు ఎమిటరునకు అతుకుకొని యుండును, లేదా 10 కిలో ఓముల రెసిస్టరున కెదురుగా బాటరీయే తాకుచుండును. మూడున్నర సరిగానే యుండి నాదము మాత్రము రాకున్న, దోషము కెపాసిటర్లలోనో తీగలలోనో బిళ్లలోనో యుండును గాని ట్రాన్సిస్టరులో నుండదు. ఈ యొక్క కొలతతో సగము వెదకులాట తప్పిపోవును.

మా పెట్టెలో ఎమిటరున ఒక వోల్టయినను లేదు. అనగా నాదము క్రిందికి దిగుటకు చోటు లేదు. చిన్న యలలు దూరును, పెద్ద యలలు నేల తగిలి చదునగును. గట్టిగా మీటినపుడు విచ్చుట కిదియే కారణము. బాటరీ సరిగా నున్నది. రెసిస్టర్లను ఒక కాలు విప్పి కొలిచితిమి, సరిగానే యున్నవి. అంతట మా వారి భూతద్దము తెచ్చి ట్రాన్సిస్టరు నొసటి వ్రాత చదివితిమి. 3904 అని యున్నది. దుకాణదారుడు 547 లేక "అదియు నిదియు నొకటే" యని యిచ్చినాడట. గుణమున దాదాపు ఒకటే. కాళ్లు మాత్రము తలక్రిందులు. చదునైన ముఖము మనవైపునకును, కాళ్లు క్రిందికిని ఉండునట్లు పట్టినచో 547నకు ఎడమనుండి కలెక్టరు, బేసు, ఎమిటరు. 3904నకు ఎమిటరు, బేసు, కలెక్టరు. తలక్రిందుగా పెట్టిన ట్రాన్సిస్టరు పూర్తిగా మూగబోదు. అఱకొఱగా పనిచేయును, అందుచేతనే మనుజులు మోసపోవుదురు. విప్పి త్రిప్పి యతుకగానే ఎమిటరు మూడున్నర కెక్కినది, విచ్చుట పోయినది, బుస యడగినది.

ఇంతలో మఱియొక వింత. పిల్ల ఉత్సాహముతో మా యింటి పాత ముల్లుమీటరును బేసునకు ఆనించి, "పిన్నిగారూ, ఇక్కడ రెండే వోల్టులు! ఎమిటరున మూడున్నర యుండగా బేసున రెండెట్లు?" అని తెల్లబోయినది. బేసు ఎప్పుడును ఎమిటరు కంటె సుమారు ఆఱుపదవవంతుల వోల్టు, అనగా 0.6, ఎక్కువగా నుండవలెను. అచట నాలుగు పైచిలుకు కనబడవలసినది. ఈ ప్రశ్నకు నేను నోట సమాధానము చెప్పలేదు. ఎమిటరున అంకెల మీటరు నుంచి, ముల్లుమీటరును బేసునకు తాకించి, తీసి, మరల తాకించి చూడుమంటిని. తాకినపుడెల్ల ఎమిటరు ఒకటిన్నరకు దిగజాఱుచున్నది. తీయగనే మూడున్నరకు లేచుచున్నది. ముల్లుమీటరు 10 వోల్టుల వరుసలో తానే 2 లక్షల ఓముల దారియై బేసునుండి త్రాగివేయుచున్నది! చూచుటచేతనే చూడబడునది తగ్గుచున్నది. ఆంప్లిఫయరు బిళ్లకు చేసిన యన్యాయమును మీటరు బేసునకు చేయుచున్నదని పిల్లకు తనంతటనే స్ఫురించినది. ఆ క్షణమున దాని మొగము చూడవలసినదే. కావున బేసును కొలువకుడు. ఎమిటరును కొలిచి 0.6 కలుపుకొనుడు. ఎమిటరు బలముగల చోటు, మీటరు త్రాగినను తొణకదు.

బిళ్లను వీణకు అంటించుటలో గోందుగాని, తక్షణము పట్టు జిగురుగాని వాడరాదు. మేళమునకు వాడు మైనము చాలును. కుండపై పలకమీద, గుఱ్ఱమునకు సమీపమున, మైనముతో అంటించి, అంగుళము అటునిటు జరిపి వినవలెను. గుఱ్ఱమునకు మరీ దగ్గఱ మెట్ల చప్పుడు, గోటి చప్పుడు హెచ్చు. దూరమైనకొలది కుండ గుమికి ధ్వని హెచ్చు. ఎచట నిలుపవలెనన్నది వాయించువారి చెవియే చెప్పవలెను. పంతులమ్మగారు కన్నులు మూసికొని కూర్చుండి, కూతురు జరుపుచుండగా, "అదే, అదే, ఇంక కదపకు" అనిరి. తీగను ఆంప్లిఫయరు మైకు రంధ్రమున గాక, ఆక్సిలరీ యని వ్రాసిన రంధ్రమున పెట్టవలెను. గట్టిగా మీటినపుడు బిళ్ల యిచ్చు వోల్టు మైకు రంధ్రమునకు మోయరాని బరువు.

సముద్రతీరవాసులకు ప్రత్యేకముగా చెప్పవలసినది మఱొకటి గలదు. మా పెట్టె రెండు నెలలు చక్కగా పలికి, వానకాలపు సాయంకాలములలో చిటపటలాడుట మొదలిడినది. తెఱచి చూడగా బేసు ముడివద్ద పచ్చని చిలుము. ఉప్పుగాలి రాగిని వదలదు. పైగా 470 కిలో ఓముల రెసిస్టర్లున్న చోట పలకమీది తేమపొర కూడ మఱొక రెసిస్టరువలె పనిచేసి వోల్టును దొంగిలించును. రేవునకు దాపున పాతపట్టణమున నుండువారి యిండ్లలో వాలు ధూళి తేమను పట్టియుంచి యీ దొంగతనమునకు తోడగును. స్పిరిటుతో, పాత పండ్లకుంచెతో పలకను కడిగి, ఒక పగలు ఎండలో నారబెట్టి, పిదప రంగులేని గోళ్లపూతను అతుకులపై పలుచగా పూసితిమి. చిటపట మరల రాలేదు. పాత్రలకు మాటువేయువారి ఆమ్లమును అతుకులకు ఎన్నడు వాడరాదు. అది రాగిని లోలోపల తినివేయును. రేడియోవారు వాడు రోజిను గల సోల్డరే శ్రేష్ఠము. అందు సాధారణముగా సీసముండును గనుక ఆ పని వంటయింట చేయరాదు, పసిపిల్లల నెడముగా నుంచవలెను, ముగించి చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

దసరాలలో ఆ ఆలయమువారు కీబోర్డు మాట మానలేదు. తొమ్మిది సాయంకాలములలో ఒక్కటి, పంచమినాటిది, వీణకిచ్చిరి. నేను కావలెనని చివరి వరుసలో, చెప్పుల గుట్ట ప్రక్కన కూర్చుంటిని. మంద్రతంత్రి అచటికి వచ్చినది. ముగిసిన పిమ్మట ముగ్గురు తల్లులు పాఠముల వేళలు కనుగొనిపోయిరని పంతులమ్మగారు మఱునాడు చెప్పిరి. ముగ్గురును చేరుదురో లేదో, చూడవలెను. ఆమె కుమార్తె మాత్రము తోటి విద్యార్థినుల వీణలకు ఇంకను రెండు పెట్టెలు కట్టుచున్నది. ఈసారి కొన్న ప్రతి ట్రాన్సిస్టరు వ్రాతను దుకాణముననే చదివి తెచ్చినది.

ఈ పెట్టె చాల కొద్దిగా తినును. ఒక బాటరీ కొన్నివందల గంటలు వచ్చును. అయినను వీణను గలీబులో పెట్టునపుడు బాటరీ టోపీని విప్పియుంచుడు. మఱచి నెలల తరబడి యుంచిన బాటరీ కారి, టోపీ రేకులను తినివేయును. వచ్చు నెల మిక్సీ మోటారులోని బొగ్గుముక్కలను ఇంటనే మార్చుకొను విధమును వ్రాసెదను.